కారు, బస్సు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం ఎలా

కారూ బస్సూ ఢీకొన్న చోట గుమిగూడిన జనం రెండు నిమిషాల్లోనే తీర్పు చెప్పేస్తారు, అది చాలాసార్లు ‘పెద్ద బండిదే తప్పు’ అన్న తీర్పే అయి ఉంటుంది. కారు ముందు భాగం నుజ్జునుజ్జయి, బస్సు బంపరుకు మాత్రం చిన్న సొట్ట పడి కనిపించినప్పుడు అలా అనిపించడం సహజమే. కానీ ఆ తేడా బరువు వల్ల వచ్చింది, తప్పు వల్ల కాదు. 12 టన్నుల బస్సు, 1.2 టన్నుల కారు ఢీకొంటే రెండింటి మీదా పడే బలం సమానమే అయినా, ఆ తాకిడికి కారు వేగంలో వచ్చే మార్పు బస్సు వేగంలో వచ్చే మార్పుకు పది రెట్లు ఉంటుంది. ఎర్ర లైటు దాటి దూసుకొచ్చిన కారూ, తన దారిన తాను పోతున్న కారూ బస్సుకు తగిలితే ఒకేలా నలుగుతాయి. కాబట్టి దెబ్బ ఎంత పెద్దదన్న సంగతి పక్కన పెట్టి, అది ఎక్కడ పడింది, ఏ దిశలో పడింది, అంతకు ముందు నాలుగైదు సెకన్లలో ఏ వాహనం ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలతో పని మొదలుపెట్టాలి.

తప్పు అంటే ఇక్కడ ఉండవలసిన జాగ్రత్త లోపించడమని అర్థం. ఆ చోట ముందు వెళ్ళే హక్కు ఎవరిదో, అవతలి డ్రైవరు దాన్ని ఏ విధంగా కాదన్నాడో, అలా కాదనడం వల్లనే ఈ ప్రమాదం జరిగిందో లేదో వరుసగా చూపగలిగితేనే బాధ్యత నిలుస్తుంది. వీటిలో మూడోదాన్నే చాలామంది మరిచిపోతారు. బస్సు డ్రైవరు లైసెన్సు గడువు తీరిపోయి ఉండడం వేరే శిక్షకు కారణం కావచ్చు గానీ, స్టాపులో ఆగి ఉన్న ఆ బస్సును కారు వెనుక నుంచి వచ్చి గుద్దినప్పుడు ఆ గడువుకూ ఈ గుద్దుకూ సంబంధం లేదు. అదేవిధంగా పోలీసు నివేదిక బలమైన ఆధారమే తప్ప ఆఖరి మాట కాదు. చాలా దేశాల్లో నేర విచారణకు సందేహానికి తావులేని రుజువు కావాలి, నష్టపరిహారం విషయంలో మాత్రం ఇద్దరి వాదనల్లో ఏది ఎక్కువ నమ్మదగినదో తేలితే చాలు. అందువల్ల డ్రైవరు మీద పెట్టిన నేరం రుజువు కాకపోయినా పరిహారం చెల్లించే బాధ్యత మిగిలే ఉండవచ్చు.

అక్కడికక్కడే సేకరించవలసినవి

గాయపడినవారికి సాయం అందించి, వెనుక వచ్చే వాహనాలకు ప్రమాదం కనపడేలా హెచ్చరిక పెట్టిన తరువాతే ఫోను చేతిలోకి తీసుకోవాలి. ఫొటోలు తీసేవారు సొట్టను మాత్రమే దగ్గరగా నాలుగైదు సార్లు తీసి ఊరుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. సొట్ట రేపు వర్క్‌షాపులో కూడా ఉంటుంది, కానీ రోడ్డు మీద వాహనాలు నిలిచిన తీరు పది నిమిషాల్లో మారిపోతుంది. మొదట దూరంగా నిలబడి, రెండు వాహనాలూ, లేన్ గీతలూ, సిగ్నలో స్టాపో ఒకే ఫ్రేములో కనిపించేలా నాలుగు వైపుల నుంచీ తీయాలి. తరువాత రెండింటి ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో, పగిలిన గాజూ ప్లాస్టిక్కూ ఎక్కడ పడ్డాయో, టైరు గుర్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తీయాలి. దగ్గరి ఫొటోలు చివరికి మిగలాలి. వాటిలో సొట్ట నేల నుంచి ఎంత ఎత్తున ఉందో తెలిసేలా పక్కన టేపు పెడితే, కారు మీది దెబ్బ బస్సు బంపరు అంచుదా, చక్రపు బోల్టులదా అన్న వాదన ముందే తెగిపోతుంది.

బస్సు రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు రూటు నంబరు, ఎటు వెళ్తోంది, ఎన్ని గంటల సర్వీసు అన్నవి కూడా రాసుకోవాలి, ఎందుకంటే తరువాత రికార్డులు అడగవలసి వచ్చినప్పుడు వాటితోనే వెతుకుతారు. ప్రయాణికులు మరో బస్సెక్కి వెళ్ళిపోకముందే ముగ్గురు నలుగురి ఫోను నంబర్లు తీసుకోవాలి. అయితే సాక్షి చెప్పే మాటను తూచవలసిన రాయి ఒకటుంది: ఆ మనిషి ఢీ కొట్టిన చప్పుడు విని తల తిప్పాడా, లేక అంతకు ముందు నుంచే అటు చూస్తున్నాడా? చప్పుడు విన్నాక చూసిన మనిషికి కనిపించేది ఫలితమే. మధ్యలో ఏం జరిగి ఉంటుందో అతని మనసే పూరించుకుంటుంది, అది అబద్ధం కాదు గానీ సాక్ష్యమూ కాదు. బస్సులో కూర్చున్నవారిలో చాలామందికి కుదుపు మాత్రమే తెలుస్తుంది. అయినా బ్రేకు కుదుపు ముందు వచ్చిందా, తాకిడి ముందు వచ్చిందా అని అడిగితే వారు చాలాసార్లు చెప్పగలరు, ఆ ఒక్క సమాధానమే ఒక్కోసారి మొత్తం వరుసను నిలబెడుతుంది.

కంగారులో ‘తప్పంతా నాదే’ అనడం గానీ, అవతలివారిచేత అలా అనిపించడం గానీ పనికిరాదు. ఏ లేన్‌లో ఉన్నారో, ఎంత వేగంతో వెళ్తున్నారో, మొదట ఏం కనిపించిందో మాత్రమే చెప్పడం మేలు.

గీతలు, సొట్టలు, టైరు గుర్తులు చదవడం

రెండు వాహనాలు పక్కపక్కన రాసుకున్నప్పుడు ఏది వేగంగా వెళ్తోందో గీతల దిశే చెబుతుంది. కారు డోర్ల మీద గీతలు వెనుక నుంచి ముందుకు సాగి, లేచిన రంగు ముందు కొసన పోగుపడి ఉంటే బస్సు కారును దాటుతోందని అర్థం. అవే గీతలు ముందు నుంచి వెనక్కి సాగితే కారే బస్సును దాటుతోంది. డోరు మీద వంపు తిరిగిన నల్లటి మరకలు ఉంటే అవి తిరుగుతున్న టైరు రాసుకున్న గుర్తులు. అవి బస్సు ముందు చక్రానివా వెనుక చక్రానివా అన్నది తేలితే ఆ సమయంలో కారు బస్సుకు ఏ మూల ఉందో తేలినట్టే. ఇంతవరకు గీతలు చెప్పగలవు. ఎవరు ఎవరి లేన్‌లోకి వచ్చారన్నది మాత్రం వాహనం ఒంటి మీద దొరకదు, దాన్ని రోడ్డు మీదే వెతకాలి.

తాకిడి జరిగిన చోట వాహనాల అడుగున పేరుకున్న మట్టి రాలి పడుతుంది, ఒత్తిడికి కిందికి నొక్కుకుపోయిన లోహపు భాగాలు రోడ్డును గీరి గాడి చేస్తాయి. సూటిగా సాగుతున్న టైరు గుర్తు హఠాత్తుగా పక్కకు విరిగిన చోటు కూడా తాకిడి జరిగిన చోటే. వాహనాలు చివరికి ఆగిన చోటు దానికి చాలా దూరంలో ఉండవచ్చు, బరువు వల్ల బస్సు కారును తోసుకుంటూ పోయి ఉండవచ్చు. కాబట్టి ‘కారు నా లేన్‌లో ఆగి ఉంది చూడండి’ అన్న వాదనను రాలిన మట్టి ఉన్న చోటుతో సరిచూడకుండా ఒప్పుకోకూడదు.

జారుడు గుర్తు పొడవు నుంచి వేగాన్ని లెక్కించవచ్చు. రాపిడి గుణకాన్ని, అంటే రోడ్డు టైరును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకెను, భూమ్యాకర్షణను సూచించే 9.8తోనూ, గుర్తు పొడవు మీటర్లతోనూ, ఆపైన 2తోనూ గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. పొడి తారు రోడ్డు మీద గుణకం 0.7 అనుకుంటే 20 మీటర్ల గుర్తుకు సెకనుకు 16.6 మీటర్లు, అంటే గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. అదే గుర్తు తడి రోడ్డు మీద పడి గుణకం 0.4 అయితే గంటకు 45 కిలోమీటర్లే. వాన పడిందా లేదా అన్న చిన్న వివరం 15 కిలోమీటర్ల తేడా తెస్తుందన్న మాట. పైగా ఇది కనీస వేగం మాత్రమే, ఎందుకంటే గుర్తు చివర వాహనం తనంతట ఆగకుండా మరోదాన్ని గుద్ది ఆగితే గుద్దే సమయానికి మిగిలి ఉన్న వేగం ఇందులో లేదు. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటు ఉన్న వాహనాలకు చక్రాలు పూర్తిగా ఆగిపోవు కనుక గుర్తులు లీలగా ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. గుర్తు లేదు కనుక బ్రేకు వేయలేదని తేల్చేయడం పెద్ద పొరపాటు.

ఇండికేటరు వేశాడా లేదా అన్నది ఎప్పుడూ తెగని తగాదా. పాతకాలపు ఫిలమెంటు బల్బులైతే దాన్ని తేల్చే అవకాశం ఉంది. తాకిడి సమయంలో వెలుగుతున్న బల్బులో ఫిలమెంటు వేడికి మెత్తబడి ఉంటుంది కనుక కుదుపుకు సాగి వంకరపోతుంది, ఆరిపోయి ఉన్న బల్బులో అయితే తెగినా సాగదు. అందుకే పగిలిన లైట్లను చెత్తలో వేయకుండా అలాగే భద్రపరచమని చెబుతారు. ఎల్‌ఈడీ లైట్లకు ఈ పరీక్ష వర్తించదు.

రికార్డులు చెరిగిపోకముందే

చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను నియంత్రించే యూనిట్ ప్రమాదానికి ముందు సుమారు 5 సెకన్ల వేగాన్నీ, బ్రేకు నొక్కారా లేదా అన్నదాన్నీ, యాక్సిలరేటరు స్థితినీ నమోదు చేసుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ సమాచారం స్థిరపడుతుంది. తెరుచుకోకపోతే తరువాతి ఘటనలు దాన్ని చెరిపివేసే అవకాశం ఉంది కనుక, ఆ కారును నడపకుండా ఉంచడమే మంచిది. బస్సులో ఇంతకన్నా ఎక్కువే ఉండవచ్చు: లోపలా బయటా కెమెరాలు, జీపీఎస్, వేగాన్నీ నడిపిన గంటలనూ నమోదు చేసే పరికరం, టికెట్ యంత్రంలో సమయాలు. డ్రైవరు డ్యూటీ ఎప్పుడెక్కాడు, బస్సు వేళ కన్నా ఎంత ఆలస్యంగా నడుస్తోంది, బ్రేకులు చివరిసారి ఎప్పుడు చూపించారు అన్నవి డిపో కాగితాల్లో దొరుకుతాయి.

చిక్కేమిటంటే కెమెరా ఫుటేజీ మీద కొద్ది రోజుల్లోనే కొత్తది రికార్డయిపోతుంది. అందువల్ల తేదీ, సమయం, రూటు, బస్సు నంబరు స్పష్టంగా రాసి, ఫలానా రికార్డులను చెరపకుండా భద్రపరచమని బస్సు యాజమాన్యానికీ, చుట్టుపక్కల సీసీ కెమెరాలు ఉన్నవారికీ వీలైతే మర్నాడే లిఖితపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రశీదు తీసుకోవాలి. లేఖ అందిన తరువాత రికార్డు మాయమైతే ఆ లోపాన్ని యాజమాన్యానికి వ్యతిరేకంగా చూసే అవకాశం చాలాచోట్ల ఉంది. ప్రభుత్వం నడిపే బస్సయితే కొన్ని దేశాల్లో క్లెయిముకు ముందు నోటీసు ఇవ్వవలసిన గడువు మామూలు కేసుల కన్నా బాగా తక్కువగా ఉంటుంది, దాన్ని మొదటి వారంలోనే కనుక్కోవాలి.

వీడియో దొరికినా కంటికి కనిపించినదాన్ని అలాగే నమ్మకూడదు. వెడల్పాటి లెన్సు దగ్గరి వాహనాన్ని దూరంగా చూపిస్తుంది, తెర మీది గడియారం తప్పు ఉండవచ్చు. వేగం కావాలంటే ఫ్రేములు లెక్కించాలి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో బస్సు ముందు చక్రం రోడ్డు మీద 9 మీటర్ల ఎడంలో ఉన్న రెండు గుర్తులను 18 ఫ్రేముల్లో దాటితే, 0.6 సెకనులో 9 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్లు. ఆ 9 మీటర్లను మాత్రం అక్కడికి వెళ్ళి టేపుతో కొలవాలి, ఊహించకూడదు.

బస్సు మలుపు తిరిగేటప్పుడు

కారు నడిపేవారికి బస్సు కొలతలు ఒంటికి పట్టవు, అందుకే ఈ రకం ప్రమాదాల్లో ఇద్దరూ నిజాయితీగానే అవతలివారు మీదికి వచ్చారంటారు. 12 మీటర్ల బస్సు మలుపు తిరిగితే వెనుక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. అందుకోసం డ్రైవరు ముందుగా బస్సును బయటి వైపుకు పట్టి తరువాత తిప్పుతాడు. అలా పట్టినప్పుడు కాలిబాట పక్కన ఖాళీ ఏర్పడుతుంది, వెనుక వచ్చే కారు దాన్ని తనకిచ్చిన దారి అనుకుని అందులో దూరుతుంది. ఇక్కడ అడగవలసింది ఒక్కటే: బస్సు తిరగడం మొదలుపెట్టేసరికి కారు అక్కడే ఉందా, లేక ఇండికేటరు వెలుగుతుండగా ఆ తరువాత దూరిందా? మొదటిదైతే అద్దం చూడని బస్సు డ్రైవరుది, రెండోదైతే ఎక్కువ పాలు కారుది. దెబ్బ బస్సు ముందు మూల తగిలిందా, లేక మధ్య నుంచి వెనుక చక్రం దాకా రాసుకుపోయిందా అన్నది చూసి, దాన్ని వీడియోతో కలిపితే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది తోక ఊపు. బస్సు ఒక వైపుకు తిరుగుతుంటే వెనుక చక్రాలకు వెనక మిగిలిన భాగం రెండో వైపుకు ఊగి, పక్క లేన్ గీత దాటి పోగలదు. పక్క లేన్‌లో నిశ్చలంగా ఆగి ఉన్న కారు ముందు మూలను బస్సు వెనుక మూల గీరిపోతుంది, బస్సు డ్రైవరుకు తగిలిన సంగతే తెలియకపోవచ్చు. బస్సు డ్రైవరు నిజంగానే ముందుకు చూస్తూ నడిపాడు, అయినా తన బండి తోక ఎంత ఊగుతుందో తెలుసుకుని తిప్పవలసిన బాధ్యత అతనిదే. కారు తన గీతల మధ్యే ఉందని ఒక్క ఫొటో చూపగలిగితే ఇక్కడ వాదన మిగలదు.

స్టాపు నుంచి బయలుదేరే బస్సు

ముందుగా స్థానిక నియమం చూడాలి. కొన్ని దేశాల్లో ఇండికేటరు వేసి స్టాపు నుంచి కదులుతున్న బస్సుకు వెనుక వాహనాలు దారి ఇవ్వాలి, మరికొన్ని చోట్ల లేన్‌లోకి వచ్చేవారే ఆగి చూసుకోవాలి. బస్సుకు ముందు హక్కు ఉన్న చోట కూడా ఆ హక్కు, ఆగలేనంత దగ్గరికి వచ్చేసిన కారు ముందుకు చొరబడడానికి లైసెన్సు కాదు. ఆగగలిగేంత దూరం ఉందా అన్నదే అసలు సంగతి, అది లెక్కతో తేలుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకు 13.9 మీటర్లు సాగుతుంది. చూసి కాలు బ్రేకు మీదికి రావడానికి 1.5 సెకన్లు అనుకుంటే 21 మీటర్లు, పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక 14 మీటర్లు, మొత్తం 35 మీటర్లలో ఆగుతుంది. గంటకు 70 అయితే ఆ మొత్తం 57 మీటర్లు. ఇప్పుడు బస్సు లేన్‌లోకి రావడం మొదలైనప్పుడు కారు 45 మీటర్ల దూరంలో ఉందని వీడియో చెబుతోందనుకుందాం. 50తో వచ్చిన కారు బస్సుకు పది మీటర్ల దూరంలోనే ఆగిపోయేది. 70తో వచ్చిన కారు బ్రేకు వేసినా ఇంకా 45 కిలోమీటర్లకు పైబడిన వేగంతో గుద్దుతుంది. అక్కడ పరిమితి 50 అయితే బస్సు తొందర ఎంతున్నా కారు వేగమే ప్రమాదానికి ముఖ్య కారణమవుతుంది. అదే కారు 25 మీటర్లలో ఉండగా బస్సు బయటికి వస్తే 50తో వచ్చినా ఆగే వీల్లేదు, భారం బస్సు మీదికి పోతుంది. నియమం ఒకటే, రోడ్డు ఒకటే, తేడా ఆ 20 మీటర్లలో ఉంది.

వెనుక నుంచి తగిలినప్పుడు, తగలకుండానే దెబ్బ తగిలినప్పుడు

వెనుక నుంచి గుద్దిన వాహనానిదే తప్పన్నది మొదటి ఊహ, చాలాసార్లు అది నిజమే. దాన్ని తిరగరాసే సందర్భం ముఖ్యంగా ఒకటి: బస్సు ముందు ఉన్న ఖాళీలోకి కారు అడ్డంగా వచ్చి, వెంటనే బ్రేకు వేయడం. బస్సుల్లోని ఎయిర్ బ్రేకులకు, అంటే గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులకు, పెడలు నొక్కాక చక్రాలు పట్టుకోవడానికి దాదాపు అర సెకను అదనంగా పడుతుంది, 50 కిలోమీటర్ల వేగంలో అంటే 7 మీటర్లు. బస్సు డ్రైవరు పాటిస్తున్న దూరాన్ని కారే మింగేసినప్పుడు దూరం పాటించలేదని అతన్ని తప్పుపట్టలేం. కారు లేన్‌లోకి వచ్చిన తరువాత తాకిడికి ఎన్ని సెకన్లు పట్టిందో బస్సు కెమెరా నుంచి తీయాలి. పది సెకన్లయితే దూరం మళ్ళీ పెంచుకోవడానికి బస్సుకు తగినంత వ్యవధి ఉన్నట్టే.

కారు అడ్డం వచ్చినందుకు బస్సు గట్టిగా బ్రేకు వేయగా నిలబడ్డ ప్రయాణికులు పడి గాయపడవచ్చు, కారు మాత్రం గీత కూడా పడకుండా వెళ్ళిపోవచ్చు. తాకకపోయినా కారణమైన వాహనానికి బాధ్యత ఉంటుంది. ఇలాంటప్పుడు ఆ కారు నంబరు బస్సు కెమెరాలో తప్ప మరెక్కడా మిగలదు కనుక ఫుటేజీ కోసం రాసే లేఖ మరీ అత్యవసరం.

బాధ్యతను పంచడం

తప్పు ఎప్పుడూ పూర్తిగా ఒకరిదే కానక్కరలేదు. ఎక్కువచోట్ల దాన్ని శాతాల్లో పంచుతారు: నష్టం 100 రూపాయలై, మీ పాలు 30 శాతమని తేలితే మీకు 70 వస్తుంది. కొన్ని చోట్ల మీ పాలు సగం దాటితే ఏమీ రాదు. అరుదుగా కొన్ని చోట్ల కొద్దిపాటి తప్పున్నా మొత్తం పోతుంది. డ్రైవరు విధి నిర్వహణలో చేసిన తప్పుకు సాధారణంగా అతన్ని పెట్టుకున్న సంస్థే పరిహారం చెల్లించాలి. విశ్రాంతి లేకుండా డ్యూటీ వేయడం, అరిగిన బ్రేకులతో బస్సును రోడ్డెక్కించడం లాంటివైతే అవి నేరుగా సంస్థ తప్పులే. ఆకుల్లో దాగిపోయిన స్టాప్ బోర్డు, పనిచేయని సిగ్నలు, ఇద్దరినీ ఇరకాటంలో పెట్టి వెళ్ళిపోయిన మూడో వాహనం కూడా వాటాదారులు కావచ్చు. బస్సులో కూర్చున్న ప్రయాణికుడికి మాత్రం ఈ పంపకంలో సాధారణంగా వాటా ఉండదు, ఇద్దరు డ్రైవర్లలో ఎవరి పాలు ఎంతైనా అతనికి పరిహారం రావలసిందే.

బీమా సంస్థ మీకు 40 శాతమో 60 శాతమో అంటగట్టినప్పుడు ఆ అంకెతో బేరానికి దిగకుండా, అది ఏ గుర్తు మీద, ఏ వీడియో మీద, ఏ దూరం మీద ఆధారపడిందో లిఖితపూర్వకంగా చెప్పమని అడగాలి. సమాధానంలో ‘కారు హఠాత్తుగా వచ్చింది’ అన్న మాట కనిపిస్తే, ఎన్ని మీటర్ల దూరంలో, తాకిడికి ఎన్ని సెకన్ల ముందు వచ్చిందని మళ్ళీ అడిగి, మీరు కొలిచి పెట్టుకున్న అంకెలను దాని పక్కన రాసి పంపాలి.